పాతాళగంగకు పల్లె రాసిన పద్దు

నేల లోపల నీరెంతుందో కొలవడం శాస్త్రవేత్తల పనిగానే ఉండేది. ఇరవై ఏళ్ల కిందట ఏడు కరవు జిల్లాల రైతులు ఆ కొలతను తమ చేతుల్లోకి తీసుకున్నారు. రబీ విత్తనం కొనకముందే ఊరంతా కూర్చుని నీటి లెక్క చూసుకున్నారు. ఆ ప్రయోగం ఏం నేర్పింది, ఎక్కడ ఆగింది?

పదిహేను రోజులకోసారి ఆ ఊళ్లలో కొందరు రైతులు చక్రానికి చుట్టిన కొలత టేపు పట్టుకుని బోర్ల వెంట తిరిగేవారు. టేపు కొసను కేసింగ్ పైపులోకి మెల్లగా వదిలేవారు. కొస నీటిని తాకగానే పరికరం కీచుమనేది. అక్కడ టేపు మీదున్న అంకె చూసి పుస్తకంలో రాసుకునేవారు. తర్వాత మోటారు వేసి, పైపు కింద డ్రమ్ము పెట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసేవారు. వానమాపకం పెట్టిన చోట రోజూ పొద్దున అందులోని నీటిని కొలిచే బాధ్యత మరో రైతుది. ఈ అంకెలన్నీ చివరికి ఊరి నడిమధ్యనున్న బోర్డు మీదికి ఎక్కేవి. ఎవరి పొలంలో నీరు ఏ మట్టంలో ఉందో ఊళ్లో అందరికీ తెలిసేది.

2003లో మొదలైన ‘ఆంధ్రప్రదేశ్ రైతు యాజమాన్య భూగర్భ జల వ్యవస్థలు’ అనే పథకంలో సాగిన పని ఇది. నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బిచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతిక సాయం చేసింది. నంద్యాలలోని ‘బర్డ్స్’ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండగా మరికొన్ని సంస్థలు ఊళ్లలో తిరిగాయి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. ఈ ఏడు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే జల పరిశోధకులయ్యారు. జిల్లాల పేర్లు వింటేనే నీళ్ల కథ ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పథకంలో గమనించాల్సిన మొదటి విషయం, నీళ్లు తక్కువ వాడినందుకు రైతుకు రూపాయి కూడా ముట్టజెప్పలేదు. వరి వేస్తే జరిమానా లేదు, మానేస్తే బహుమానం లేదు. ‘నీ కాళ్ల కింద ఇంత నీరుంది, నువ్వు అనుకుంటున్న పంటకు ఇంత కావాలి’ అన్న సమాచారం ఒక్కటే ఇచ్చారు. అదీ పైనుంచి ఎవరో చెప్పిన సమాచారం కాదు, రైతు తానే కొలిచి తెచ్చుకున్నది. మన వ్యవసాయ పరిశోధనల్లో ఇంత సాహసం చేసినవి అరుదు.

రాయి చెప్పే మాట

ఆ కొలత విలువ అర్థం కావాలంటే మన నేల కింద ఏముందో కాస్త చూడాలి.

తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ భాగం కింద ఉన్నది గట్టి రాయి. 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైటు, నైస్ శిలలు. గంగా మైదానంలోలాగా వందల అడుగుల ఇసుక, ఒండ్రు పొరలు ఇక్కడ లేవు. రాయికి సొంతంగా నీటిని దాచే గుణం లేదు. యుగాల తరబడి ఎండా వానా తిని పైభాగం మెత్తబడి మొరమైంది. దాని కింద రాయి పగుళ్లిచ్చింది. ఇంకా కిందికి పోతే పగులు లేని రాయి. మనకున్న భూగర్భ జలమంతా ఆ పై రెండు పొరల్లోనే. మొరం పొర నీళ్లు దాచుకునే గోలెమైతే, పగుళ్ల పొర ఆ నీళ్లను బోరు దాకా మోసుకొచ్చే గొట్టం.

ఈ సంగతిని అంకెలతో తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ. ఫ్రాన్స్ భూగర్భ పరిశోధన సంస్థతో కలిసి 1999లో అక్కడ ఇండో-ఫ్రెంచ్ భూగర్భ జల పరిశోధన కేంద్రాన్ని పెట్టారు. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఎంచుకుని ఏళ్ల తరబడి తవ్వి, తోడి, కొలిచారు. విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గర బోర్ల సముదాయంతో మరో ప్రయోగ క్షేత్రం వెలిసింది.

మహేశ్వరంలో తేలిన ముఖ్య విషయం రైతు జేబుకు నేరుగా తగిలేది. నీటిని బాగా మోసే పగుళ్లు చాలామటుకు 35 మీటర్లలోపే ఉన్నాయి, అంటే దాదాపు 115 అడుగులు. ఆ లోతు దాటాక పగుళ్లు పలచబడతాయి. అక్కడక్కడా లోతైన పగులు తగలొచ్చు, అలా తగిలిన ఒక్క బోరు కథ చుట్టుపక్కల పది ఊళ్లకు పాకుతుంది. కానీ మొత్తం మీద చూస్తే లోతుకు పోయేకొద్దీ నీటి కన్నా రాతి పొడి దొరికే అవకాశమే ఎక్కువ. ఈ మాట శాస్త్ర పత్రికల్లో 2004 నాటికే అచ్చయింది. ఆ తర్వాత కూడా సీమలో బోరు బండ్లు వెయ్యి అడుగుల దాకా దింపుతూనే ఉన్నాయి. ‘ఇంకో యాభై అడుగులు పోదాం, గ్యాపు తగులుతుంది’ అన్న ఆశ మీద ఎన్ని కుటుంబాలు అప్పుల్లోకి దిగబడ్డాయో ఊరూరా తెలుసు. పరిశోధన ఫలితం పత్రికలో ఉండటానికీ రిగ్గు యజమానితో బేరమాడుతున్న రైతుకు అందడానికీ మధ్య దూరం ఎంతో ఇక్కడే కనిపిస్తుంది.

మహేశ్వరం మరో అంకె కూడా ఇచ్చింది. అక్కడి రాయి ఘన మీటరుకు వదిలే నీరు సుమారు 14 లీటర్లు, అంటే నూటికి ఒకటిన్నర వంతు కూడా లేదు. ఈ చిన్న అంకెలో పెద్ద విషయముంది. 50 మిల్లీమీటర్ల నీరు లోపలికి ఇంకితే చాలు, బోరులో మట్టం మూడున్నర మీటర్లు పైకొస్తుంది. ఒక్క మంచి వానకే బోరు కళకళలాడటానికి కారణం అదే. అంతే నీరు తోడేస్తే అంతే వేగంగా మట్టం పడిపోతుంది. సెప్టెంబరులో పొంగిన బోరు ఫిబ్రవరిలో బుడగలు కక్కుతుంటే రైతు మోటారును, మెకానిక్‌ను, చివరికి తన జాతకాన్ని కూడా అనుమానిస్తాడు. తప్పు వాటిది కాదు, ఆ రాయి కొలతే అంత.

చౌటుప్పల్ పరిశోధన ఇంకో ముడి విప్పింది. మట్టం పైనున్నప్పుడు ఆ ప్రాంతపు నీరంతా ఒకదానితో ఒకటి కలిసి ఉంటుంది. మట్టం దిగి నీరు పగుళ్ల పొరకే పరిమితమయ్యాక అది గదులు గదులుగా విడిపోతుంది. ఒక పగులుకు మరో పగులుతో సంబంధం తెగిపోతుంది. పక్క పొలంలో రెండించుల నీళ్లు పోస్తుంటే నా బోరు ఎందుకు ఎండిందని రైతు పడే వేదనకు జవాబు ఇందులో ఉంది.

ఎకరం వరికి ఇరవై ఎకరాల వాన

కాగితం మీద ఒక చిన్న లెక్క వేసి చూడొచ్చు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది నాలుగు వేల లీటర్ల పైచిలుకు. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇలాంటి రాతి నేలల్లో అందులో పదో వంతు లోపలికి ఇంకుతుందనుకుంటే, ఎకరం నేల ఏడాదికి దాచుకునేది సుమారు రెండు లక్షల ఇరవై వేల లీటర్లు.

ఎకరం రబీ వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే దాదాపు 48 లక్షల లీటర్లు కావాలి. అంటే ఇరవై ఎకరాలకు పైగా నేల ఏడాదంతా ఇంకించుకున్న వాన ఒక్క ఎకరం వరి మడిలోకి పోతుంది. మడిలో పెట్టిన నీటిలో సగం దాకా మళ్లీ కిందికి ఇంకుతుందని సరిపెట్టుకున్నా పది ఎకరాల పైమాటే. వేరుశనగకు 500 మిల్లీమీటర్లనుకుంటే తొమ్మిది ఎకరాల ఇంకుడు సరిపోతుంది, తుంపర సేద్యమైతే ఇంకా తక్కువ. తాగునీరు, పశువులు, పక్క రైతు బోరు ఇవేవీ ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

ఈ గుణకారం ఏ హైస్కూలు పిల్లాడైనా చేయగలడు. కానీ ఊరు మొత్తానికి కలిపి ఈ లెక్క వేసుకునే చోటు ఎక్కడా లేకపోవడమే ఇన్నాళ్లూ ఉన్న లోటు. ప్రతి రైతూ తన బోరు ఒక్కదాని లెక్కే చూసుకుంటాడు. ఎన్ని ఇంచులు పోస్తోంది, ఎన్ని గంటలు కరెంటు వస్తోంది, ఎన్ని తడులు పడతాయి. మహా అయితే పక్క పొలం సంగతి కళ్లబడుతుంది. వాగుకు అవతలి గట్టున ఎన్ని బోర్లు అదే నీటిని లాగుతున్నాయో కంటికి కనిపించదు.

బోర్లు వేసిన పథకమే కొలత నేర్పింది

ఈ ప్రయోగానికి పుట్టిల్లు ఒక బోర్ల పథకమే. నెదర్లాండ్స్ సాయంతో 1995 నుంచి 2003 వరకు ‘ఏపీవెల్’ పేరుతో ఈ ఏడు జిల్లాల్లోనే సన్న, చిన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించారు. బోర్లు పడ్డాయి, పొలాలు తడిశాయి. కొన్నాళ్లకే అసలు ప్రశ్న ఎదురైంది. ఈ బోర్లు ఎండిపోకుండా నిలబడాలంటే చుట్టూ జరుగుతున్న తోడకాన్ని ఎవరు చూడాలి? పథకం చివరి ఏళ్లలో రైతులతోనే వాన, నీటి మట్టం కొలిపించడం మొదలుపెట్టారు. ఆ అనుభవం మీదే తర్వాతి పథకం నిలబడింది. నీళ్లు తోడటానికి వచ్చిన డబ్బు నీళ్లు లెక్కపెట్టడం వైపు మళ్లడం మన నీటిపారుదల చరిత్రలో తరచూ జరిగే పని కాదు.

కొత్త పథకం ఊరి పొలిమేరలను పక్కనబెట్టింది. నీటికి రెవెన్యూ హద్దులు తెలియవు కాబట్టి వాగులు, వంకల పరీవాహక ప్రాంతాలను ప్రమాణంగా తీసుకుని అరవై చిల్లర జల విభాగాలుగా నేలను విడదీసింది. ప్రతి పల్లెలో భూగర్భ జల యాజమాన్య కమిటీ, వాటన్నిటికీ కలిపి ఒక్కో జల విభాగానికి ఒక సమాఖ్య ఏర్పడ్డాయి. కమిటీల్లో స్త్రీ పురుషులిద్దరికీ చోటు దక్కింది.

నేర్పే పద్ధతి కూడా కొత్తదే. 1989లో ఇండోనేషియాలో ఆహార వ్యవసాయ సంస్థ వరి రైతుల కోసం పొలంబడులు పెట్టింది. పురుగుమందు కొట్టేముందు మడిలోకి దిగి మంచి పురుగెన్ని, చెడ్డ పురుగెన్ని అని లెక్కపెట్టడం అక్కడి చదువు. అదే పద్ధతిని ఇక్కడ నీటికి వర్తింపజేసి రైతుల నీటి బడులు నడిపారు. జూన్‌లో మొదలై మే దాకా, నీటి సంవత్సరం పొడవునా రైతులు పక్షానికోసారి కలిసేవారు. బల్లలు, పాఠ్యపుస్తకాలకు బదులు బోరు గట్టు, వాగు ఒడ్డు, చెరువు కట్ట బడి అయ్యాయి. నీటి మట్టాన్ని గ్రాఫుగా గీయడం, లీటర్లను ఘన మీటర్లలోకి మార్చడం, ఏ పంట ఎంత తాగుతుందో లెక్కగట్టడం వేలమంది నేర్చుకున్నారు. ‘ఇంచుల’ లెక్కతోనే బతికిన రైతు సెకనుకు ఎన్ని లీటర్లో చెప్పగలిగాడు. తర్వాత వాళ్లే పక్క ఊళ్లకు పోయి పాఠం చెప్పారు.

రబీ ముందు జరిగే సభ

అన్నిటికన్నా కీలకమైన రోజు అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చేది. నైరుతి వానలు వెనుదిరిగాక, రబీ పంటలు వేయకముందు, జల విభాగంలోని ఊళ్ల రైతులంతా ఒకచోట చేరేవారు. దానికి పెట్టిన పేరు పంటల నీటి బడ్జెట్.

ముందు ఆ ఏడాది వాన లెక్క. జూన్ నుంచి ఎంత కురిసింది, ఎన్ని రోజులు కురిసింది. ఆ తర్వాత బోర్లలో మట్టం ఎంత లేచింది, దాన్నిబట్టి నేలలో చేరిన నీరెంత. అందులోంచి తాగునీటికి, పశువులకు పక్కన పెట్టగా సాగుకు మిగిలేదెంత. ఇది జమ వైపు. ఖర్చు వైపు రాయడానికి కమిటీలు అంతకుముందే ఇంటింటికీ తిరిగి ‘ఈ రబీకి ఏ పంట, ఎన్ని ఎకరాలు?’ అని అడిగి పెట్టుకునేవి. వరి ఇన్ని ఎకరాలు, వేరుశనగ ఇన్ని, పొద్దుతిరుగుడు ఇన్ని, కూరగాయలు ఇన్ని. ఒక్కో పంటకు కావలసిన నీటితో గుణించి మొత్తం కూడేవారు.

రెండు అంకెలూ పక్కపక్కన బోర్డు మీద పడేవి. వాన బాగా పడిన ఏడాది జమ నిలిచేది. చాలా చోట్ల, చాలా ఏళ్లు లోటే తేలేది. ఊరి జనమంతా అనుకున్న పంటలు అనుకున్నట్టే వేస్తే నేలలో ఉన్న నీరు చాలదని, ఫిబ్రవరి, మార్చి నాటికి ఎవరి పంటో ఒకరిది ఎండుతుందని కళ్లెదుట అంకెల్లో కనబడేది.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ శాసించలేదు. నువ్వు వరి మానెయ్యి అని తీర్మానం చేసే అధికారం ఆ సభకు లేదు, కావాలని కూడా పెట్టలేదు. ఇంటికెళ్లి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకోవాలి. కాకపోతే లోటు సంగతి తెలిసిన రైతు తన పెట్టుబడికి ఎంత ముప్పుందో లెక్కగట్టుకోగలడు. బోరు ఎండితే ముందు మునిగేది తన డబ్బే. అందుకే కొందరు వరి విస్తీర్ణం తగ్గించి మిగతా పొలంలో ఆరుతడి పంట వేశారు. కొందరు కాలువకు బదులు పైపు వేశారు, తుంపర్లు, బిందు సేద్యం పెట్టుకున్నారు. రబీ నడుమ కమిటీలు మళ్లీ పొలాల వెంట తిరిగి, చెప్పిన పంట వేశారా, వేరేది వేశారా అని రాసుకునేవి. మాటకూ చేతకూ మధ్య తేడా కూడా పద్దులోకి ఎక్కేదన్నమాట.

2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశ భూగర్భ జలాల మీద వెలువరించిన నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా పరిశీలించింది. నూటికి 42 జల విభాగాల్లో మూడేళ్లపాటు వరసగా రబీ తోడకం తగ్గింది. 51 శాతం విభాగాల్లో ఒక ఏడాది తగ్గి, ఒక ఏడాది తగ్గక సాగింది. పెరిగినవి ఏడు శాతమే. ఇన్ని ఊళ్లలో, ఇంత విస్తీర్ణంలో రైతులు తమంతట తాము తోడకం తగ్గించుకోవడం మునుపెన్నడూ చూడనిదని ఆ నివేదిక రాసింది. అమెరికా, చైనాలు రెండూ కలిసి తోడే దానికన్నా ఎక్కువ భూగర్భ జలాన్ని భారత్ ఒక్కటే తోడుతోంది. అలాంటి దేశంలో ఈ వార్తకు రావలసినంత పేరు రాలేదు.

ఆ అంకెలను కళ్లు మూసుకుని నెత్తిన పెట్టుకోవడమూ సరికాదు. తోడకం తగ్గడానికి సమాచారమే కారణమా, వానలా, ధరలా, కరెంటా? పథకం లేని ఊళ్లలో ఆ ఏళ్లలోనే ఏం జరిగింది? పరిశోధన అన్నాక ఈ ప్రశ్నలు తప్పవు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ, టాటా ట్రస్టుల ఉమ్మడి కార్యక్రమంలోని పరిశోధకులు 2012లో ఇదే పథకాన్ని మరోసారి తరచి చూసి వాస్తవ పరిశీలన పేరుతో పత్రం వెలువరించారు. మెచ్చుకోలు ఒక్కటే కాకుండా ఇలా తిరిగి వెళ్లి చూసేవాళ్లుండటం ప్రయోగానికి గౌరవమే.

పథకం అయిపోయాక

2010 ప్రాంతంలో ప్రధాన పథకం ముగిసింది. కొన్నిచోట్ల వాతావరణ మార్పుల మీద వచ్చిన మరో ప్రాజెక్టు పనిని కొంతకాలం కొనసాగించింది. కానీ పరికరానికి బ్యాటరీ మార్చేందుకు, బోర్డుకు రంగు వేసేందుకు, సభకు మనుషుల్ని పోగుచేసేందుకు కూడా నిలకడగా ఒకరుండాలి. పంచాయతీకి ఆ బాధ్యత అప్పగించలేదు, భూగర్భ జల శాఖ దాన్ని తన రోజువారీ పనిలో కలుపుకోలేదు. ఇదే ఈ కథలో అన్నిటికన్నా బాధపెట్టే భాగం. పల్లె జనం నేర్చుకున్నారు, నేర్చుకున్నదాన్ని నిలబెట్టే బాధ్యత వ్యవస్థ తీసుకోలేదు.

చట్టం లేదా అంటే ఉంది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన ‘వాల్టా’ 2002 నుంచి అమల్లో ఉంది. బోరు వేయాలంటే అనుమతి, బోరుకూ బోరుకూ మధ్య దూరం, రిగ్గుల నమోదు అన్నీ అందులో ఉన్నాయి. అయితే లక్షల బోర్ల వెంట ఏ తహసీల్దారు తిరగగలడు? పైగా 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం నీడలో నేల ఎవరిదో కింది నీరూ వారిదేనన్న భావన ఇప్పటికీ నడుస్తోంది. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు రైతుకు పెద్ద ఊరట. మెట్ట రైతు కాలువ రైతుకన్నా ఎక్కువ ఖర్చు ఎందుకు పెట్టాలన్న ప్రశ్నకు అది న్యాయమైన జవాబు కూడా. కానీ మీటరు లేని మోటారు ఎంత తోడుతోందో ఎవరికీ తెలియదు. ఉచితం ఇస్తూనే లెక్క కూడా పెట్టుకుని ఉండాల్సింది. రెండింటికీ పొత్తు కుదరదని అనుకోవడానికి కారణమే లేదు.

బోరు నీది, నీరు మనది

పథకాలకు బయట కూడా కొన్ని పల్లెలు తమ దారి వెతుక్కున్నాయి. అనంతపురం ప్రాంతంలోని గోరంట్లవారిపల్లెలో బోర్లున్న రైతులు, లేని రైతులు ఒప్పందానికి వచ్చారు. బోర్లన్నిటినీ భూమిలో వేసిన పైపులతో ఒకదానికొకటి కలిపారు. కొత్త బోర్లు వేయకూడదని మాట అనుకున్నారు. వాన మొహం చాటేసినప్పుడు బోరు లేని రైతు వేరుశనగకు కూడా ప్రాణం నిలిపే ఒకటి రెండు తడులు అందేలా ఏర్పాటు చేసుకున్నారు. వాసన్ అనే సంస్థ ఈ పద్ధతిని మహబూబ్‌నగర్ వైపు కూడా నడిపించింది. అనంతపురం జిల్లాలోనే మదిరేపల్లిలో సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ తోడ్పాటుతో బోరున్న రైతు పక్క రైతులకు నీరు పంచే కట్టుబాటు వచ్చింది.

ఈ పంపకంలో బోరున్న రైతు త్యాగం చేస్తున్నట్టు పైకి కనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే అతనికీ లాభమే. నీరు దొరికే పక్క రైతు తనకు పోటీగా కొత్త బోరు వేయడు. కొత్త బోరు పడితే పాత బోరులో నీరు తగ్గుతుందని ఇద్దరికీ అనుభవమే. రెండు కుటుంబాలు బోరు అప్పు నుంచి తప్పించుకుంటాయి.

ఇలాంటి ఒప్పందాలు జనం మనసులో ఎలా మొలకెత్తుతాయో చూడటానికి 2013, 2014లో ఒక విచిత్రమైన పరిశోధన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో జరిగింది. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మెయిన్‌జెన్-డిక్, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ, మరికొందరు పరిశోధకులు కలిసి రైతులతో ఆట ఆడించారు. ఐదుగురు ఆటగాళ్లు. ప్రతి ఒక్కరూ ఏడాదికో పంట ఎంచుకోవాలి. ఒక పంట నీరు తక్కువ తాగి తక్కువ రాబడి ఇస్తుంది, రెండోది ఎక్కువ తాగి ఎక్కువ ఇస్తుంది. ఐదుగురి ఎంపికలను బట్టి ఉమ్మడి నీటి మట్టం తగ్గుతూ వస్తుంది. మొదట ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, తర్వాత మాట్లాడుకుని ఆడతారు. ఆట ముగిశాక ఊరందరి ముందు చర్చ.

ఆట కదా అని కొట్టిపారేయడానికి లేదు. 2018లో అచ్చయిన తదుపరి అధ్యయనం ప్రకారం, ఆట ఆడిన ఊళ్లలో నీటి లెక్కల పుస్తకాలు పెట్టుకోవడం, వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడం మిగతా ఊళ్లకన్నా ఎక్కువగా కనిపించింది. ఈ ఆలోచనా ధారకు ఆద్యురాలు ఎలినార్ ఆస్ట్రమ్. కాలిఫోర్నియా దక్షిణ ప్రాంతంలో భూగర్భ జలం వాడేవాళ్లు తమలో తాము ఎలా ఒప్పందానికొచ్చారన్నదే 1960లలో ఆమె డాక్టరేట్ పరిశోధన. ఉమ్మడి వనరులను జనమే కాపాడుకోగలరని జీవితాంతం ఆధారాలతో చూపినందుకు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమే.

తోడకం లెక్కకు సాగుతోపాటు ఆరోగ్యం కూడా ముడిపడి ఉందని చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. మన గ్రానైటులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించి 1937లోనే రాశారు. నల్గొండ పల్లెల్లో వంగిపోయిన ఎముకలను దేశమంతా చూసింది. మహేశ్వరం పరిశోధనలు దీనికి మరో పార్శ్వం చేర్చాయి. తోడిన నీటిని వరి మడిలో నిలబెడితే కొంత ఆవిరవుతుంది, మిగిలింది మళ్లీ కిందికి ఇంకుతుంది, దాన్నే మళ్లీ తోడతాం. ఇలా తిరిగిన కొద్దీ అందులో కరిగిన ఉప్పులు, ఫ్లోరైడు చిక్కబడతాయి. నీరు తిరిగి నేలలోకే పోతోంది కదా అన్న ఊరటకు కూడా ఒక హద్దుందని ఇది చెబుతోంది.

ఇప్పుడు అంకెలున్నాయి, బోర్డు లేదు

2024 యాసంగిలో తెలంగాణ పల్లెల్లో బోర్లు వట్టిపోయి, పొట్ట దశలో ఉన్న వరిని పశువులకు వదిలేసిన దృశ్యాలు అందరూ చూశారు. చేతికొచ్చే పంట కళ్లెదుట ఎండటం కన్నా రైతుకు పెద్ద శిక్ష లేదు. అలా బోర్లు వట్టిపోవడం కనీసం కొంతైనా ముందే ఊహించదగినదే.

ఇప్పుడు కొలిచే సాధనాలకు కొరత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా పీజోమీటర్లు, అంటే మట్టం చూడటానికే వేసిన బోర్లు, తమంతట తామే అంకెలను కంప్యూటర్లకు పంపుతున్నాయి. తెలంగాణలోనూ అలాంటి వ్యవస్థ నడుస్తోంది. మండలానికో వానమాపకం, రోజువారీ లెక్క. అమరావతిలో, హైదరాబాద్‌లో కూర్చున్న అధికారి తెర మీద మండలం రంగు మారడం చూడగలడు. ఆ రంగు అదే మండలంలోని రైతు విత్తనాల దుకాణానికి బయల్దేరే రోజున అతని కంటబడే ఏర్పాటు మాత్రం లేదు. రైతు చేతిలో టేపున్న రోజుల్లో అంకె అతనిదిగా ఉండేది. యంత్రం వచ్చాక కొలత కచ్చితమైంది, అంకె మాత్రం అతనికి దూరమైంది.

కేంద్రం 2019 డిసెంబరులో ప్రారంభించిన అటల్ భూజల్ యోజన పంచాయతీ స్థాయి నీటి బడ్జెట్‌నే గుండెకాయగా పెట్టుకుంది. ఆరు వేల కోట్ల రూపాయల పథకం, సగం ప్రపంచ బ్యాంకు రుణం. గుజరాత్, హరియాణా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లకు అది దక్కింది. పంటల నీటి బడ్జెట్‌ను వందల ఊళ్లలో చేసి చూపించిన నేలకు మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ దీని కోసం ఢిల్లీ వైపు చూడాల్సిన పని కూడా లేదు. ఈ పాఠం మన ఊళ్లలోనే ఉంది. నాడు టేపు పట్టిన రైతుల్లో చాలామంది ఇప్పటికీ పొలాల్లోనే ఉన్నారు.

వేదికలు కూడా సిద్ధంగా ఉన్నాయి. తెలంగాణలో రెండున్నర వేలకు పైగా రైతు వేదికలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పది వేలకు పైగా రైతు సేవా కేంద్రాలున్నాయి. వాటిలో వ్యవసాయ సిబ్బంది ఉన్నారు, గోడ ఉంది. ఆ చుట్టుపక్కల పీజోమీటరు మట్టం, ఈ ఏడాది పడిన వాన, రైతులు వేయాలనుకుంటున్న పంటల విస్తీర్ణం, దానికి కావలసిన నీరు. ఈ నాలుగు అంకెలు అక్టోబరు మూడో వారానికల్లా ఆ గోడకెక్కాలి. పీజోమీటరు దూరంగా ఉన్న ఊళ్లకు రెండు మూడు బోర్లు ఎంచుకుని టేపు మళ్లీ రైతు చేతికే ఇవ్వాలి. అంకెలు రాసే పని మహిళా సంఘాలకు, లెక్క వేసే పని ఊరి హైస్కూలు పిల్లలకు అప్పగించొచ్చు. ఇందుకయ్యే ఖర్చు ఏ ఎత్తిపోతల పథకం పద్దులోనూ కనిపించనంత చిన్నది. రబీ విత్తనాల పంపిణీ మొదలవకముందే ఆ సభ జరగాలి, విత్తనం చల్లాక జరిగితే ఎండే పంటను లెక్కపెట్టడానికే అది పనికొస్తుంది.